మా రోట్లో సోమ్‌తమ్

మా ఇంటి మేడమీది వాటా అడగడానికి ఎవరొచ్చినా మొదటి మాట నాదే. "మాంసం, చేప, గుడ్డు మెట్లెక్కకూడదు." నంద్యాలలో మా కిరాణా అంగడిది మూడు తరాల పేరు. ఆ పేరుతోపాటు మా అత్తగారు నాకు అప్పజెప్పి పోయిన నియమం ఇది. ఈ మాట విని ఎంతమంది వెనక్కి తిరిగిపోయినా నేను బాధపడలేదు. నా నోరు కాస్త పెద్దదని మా ఆయన అంటుంటాడు, అది నిజమే.

అయిదేళ్ల కిందట విత్తనాల కంపెనీలో పనిచేసే అబ్బాయి ఒకతను వాటా కోసం వచ్చాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇంటి పిల్లవాడు. తల్లి అతని చిన్నప్పుడే పోయింది, తండ్రి ఒక్కడే ఉన్నాడు. కంపెనీ పని మీద నాలుగేళ్లు థాయిలాండులో ఉండి, అక్కడి పిల్లనే పెళ్లి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆ పిల్ల అతని వెనకే నిలబడి, రెండు చేతులూ జోడించి ముక్కు దాకా ఎత్తి, తల వంచింది. మనం దేవుడికి పెట్టే దండం నాకు పెట్టేసరికి కొంచెం మెత్తబడ్డాను. అయినా నియమం మాత్రం చెప్పేశాను.

అబ్బాయి ఆ మాట వాళ్ల భాషలో భార్యకు చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి సరేనని తల ఊపింది. ఆ పూట ఆమె ఏం వదులుకుందో నాకు చాలా నెలల తర్వాత గానీ తెలియలేదు. వాళ్ల వంటలో ఉప్పుకు బదులు పడేది చేపల్ని ఊరబెట్టి తీసిన నీళ్లట. కూరలో అదే, చారులో అదే. నా ఇంట్లో ఉండటానికి ఆ పిల్ల పుట్టినప్పటినుంచి ఎరిగిన ఉప్పునే మానేసింది. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మొదటి నెలలోనే మెట్ల మీద గిన్నెలు ఎక్కడం, దిగడం మొదలైంది. ముందు పాడ్ థాయ్ వచ్చింది. బియ్యపు సేమ్యాలో చింతపండు పులుసు, బెల్లం, పైన కచ్చాపచ్చాగా దంచిన వేరుశెనగ గింజలు. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందే ఇది, పులిహోరలో అన్నం వేయడం మర్చిపోయినట్టుండాది" అన్నాడు. అంటూనే గిన్నె ఖాళీ చేశాడు. తోమ్ యమ్ అని ఇంకోరోజు పంపింది. నిమ్మగడ్డి, పుట్టగొడుగులు వేసిన పుల్లటి చారు. నాకు జలుబు చేసి మూడు రోజులైంది, రెండు గ్లాసులు తాగితే ముక్కు తెరుచుకుంది. కొబ్బరిపాలు పోసిన పచ్చకూర మాత్రం నాకు ఎక్కలేదు. కారం, తీపి రెండూ ఒక్కసారే నోట్లోకి వస్తే దేన్ని ముందు మింగాలో తెలియలేదు. ఆ మాట ఆమెకే చెప్పేశాను.

ఆమె ఏమీ అనుకోలేదు. మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగులో, "అది బయటోళ్లకు పెద్దమ్మా. హోటల్‌కు వచ్చే తెల్లోళ్లు అదే అడుగుతారు. మా అమ్మ ఇంట్లో అది చెయ్యదు" అంది. వాళ్లమ్మ ఒక పల్లెటూళ్లో రోడ్డు పక్కన తినుబండారాల బండి నడుపుతుందట. వాళ్లు ఇంట్లో తినేది బంకగా ఉండే అన్నం, దాన్ని చేత్తోనే ఉండలు చేసి నంజుకుంటారట. చేత్తో తింటారనగానే నాకు ఆ దేశం మీద కొంచెం నమ్మకం కుదిరింది.

మన తిండి గురించి ఆమె అడిగే ప్రశ్నలకు మాత్రం నా దగ్గర జవాబులుండేవి కావు. ఒకరోజు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టాను. ఇష్టంగా తిని, "బొరుగులు కరకరలాడతాండాయి కదా, మళ్లీ నీళ్లల్లో ఏసి ఎందుకు మెత్తగ చేస్తారు?" అంది. నేను పుట్టినప్పటినుంచి ఉగ్గాని తింటున్నాను, నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు. అన్నం మనం ఒకే రంగు వచ్చేదాకా కలపడం కూడా ఆమెకు వింత. వాళ్లు ఒక్కో ముద్దకు ఒక్కో రుచి చూస్తారట. ఎర్రకారం విషయంలో మాత్రం మా ఇద్దరికీ ఏ పేచీ లేదు. దోసె మీద నేను పూసే దానికి రెండింతలు పూసుకునేది.

మరుసటి ఏడు ఆ పిల్ల నీళ్లోసుకుంది. రెండో నెల నుంచే వేవిళ్లు పట్టుకున్నాయి. అందరికీ ఉండేవే అనుకున్నాను గానీ, ఇవి అట్లాంటివి కావు. మంచినీళ్లు తాగినా నిలిచేవి కావు. రెండుసార్లు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆళ్లగడ్డ నుంచి ఆ పిల్ల మామగారు రోజూ నాకే ఫోన్ చేసేవాడు. ఆయనకు కోడలి భాష రాదు, కోడలికి ఆయన మాట అందదు. "అమ్మా, పిల్ల తింటాందా?" అని ఒక్కటే అడిగేవాడు. లేదని చెప్పలేక, "కొంచెం తినింది లేప్పా" అనేదాన్ని.

ఆమె నోరు కోరింది ఒక్కటే, సోమ్‌తమ్. పచ్చి బొప్పాయిని సన్నగా తురిమి, పచ్చిమిరప, వెల్లుల్లి, వేరుశెనగ గింజలు, బెల్లం, నిమ్మరసం వేసి రోట్లో కొట్టి చేస్తారట. వాళ్లమ్మ బండి మీద అమ్మేది అదే. ఒకరోజు పొద్దున అబ్బాయి ఆకుపచ్చటి బొప్పాయి కాయ పట్టుకుని మెట్లెక్కుతుంటే నా కంట పడింది.

"ఆడనే ఆగు!" అని అరిచాను. "కడుపుతో ఉండే పిల్లకు అది తెస్తాండావా? నీకేమన్నా తెలివుండాదా?" కాయ లాక్కుని వీధి చివరకు పోయి పారేసి వచ్చాను. పైన గడపలో ఆ పిల్ల నిలబడి చూస్తోంది. ఏడవలేదు, లోపలికి వెళ్లిపోయింది.

నేనెందుకు అట్లా అరిచానో చెప్పాలి. నాకు మొదటిసారి కడుపొచ్చినప్పుడు, మూడో నెలలో, బస్టాండు దగ్గర బండి మీద కోసిపెట్టిన బొప్పాయి పండు నాలుగు ముక్కలు తిన్నాను. ఆశపడి తిన్నాను. పది రోజులకు కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి చాప మీద కూర్చోగానే మా అత్తగారు అడిగిన మొదటి మాట, "ఏం తిన్న్యావ్?" అబద్ధం చెప్పడం చేతకాక చెప్పేశాను. ఆ తర్వాత చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ అదే అడిగింది, నా బదులు మా అత్తగారే జవాబు చెప్పేది. తర్వాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దవాళ్లయ్యారు. ముప్పై రెండేళ్లయినా నా చేతులతో నేనే ఆ బిడ్డను పోగొట్టుకున్నానన్న మాట నన్ను వదల్లేదు. ఇప్పుడు నా కళ్ల ముందు ఇంకో పిల్లకు అట్లా జరిగితే నేను బతకలేననిపించింది.

కానీ ఇంకో భయం కూడా ఉంది. కడుపుతో ఉన్నప్పుడు కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందని మా వైపు అంటారు. ఆ మాట మా ఆయన దగ్గర అంటే ఆయన పేపరు దించి, "తింటే కడుపు పోతాదంటావ్, తినకపోతే చెవి కారతాదంటావ్. ఆ పిల్ల ఏం చెయ్యల్లనో నువ్వే తేల్చి చెప్పు" అన్నాడు. తేల్చలేక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "పచ్చి కాయ వద్దులేమ్మా, ఇప్పుడు దాంతో మనకు పనేముంది. ఆ రుచే కావాలంటే వేరే కాయతో చేసిపెట్టండి. ఈమె బరువు తగ్గుతాంది. ఇట్లనే తగ్గితే బిడ్డకు కష్టం. ఏదో ఒకటి కడుపులో నిలవాల" అంది.

వెంటనే అంగడి నుంచి గట్టి దోసకాయలు తెప్పించాను. వెల్లుల్లి, మిరపకాయలు, బెల్లం, మేము బుడ్డలనే వేరుశెనగ గింజలు, అన్నీ ఇంట్లో ఉన్నవే. ఎక్కడో థాయిలాండు వంట అనుకున్నది మా అంగడి డబ్బాల్లోంచే వస్తుంటే హుషారొచ్చింది. రోటి ముందు కూర్చున్నాను. ఆ పిల్ల పీట మీద కూర్చుని చూస్తోంది. ముప్పై ఏళ్లుగా రోటి పచ్చళ్లు నూరిన చెయ్యి నాది. పచ్చడి బండ పట్టుకుంటే చెయ్యి దాని దారిన అది పోతుంది. నేను తలెత్తి చూసేసరికి రోట్లో మెత్తటి దోసకాయ పచ్చడి ఉంది.

ఆమె వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. "పెద్దమ్మా, సచ్చిపాయె" అంది. నవ్విందిగానీ ఆ కాస్తా కూడా కక్కేసింది.

రెండు చేతులతో గాలిలో కొట్టి చూపించింది. కొట్టు, తిప్పు, కొట్టు, వదులు. కాయ నలగాలి గానీ చావకూడదట, కరకర పోకూడదట. మూడు రోజులు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పచ్చడే అయింది. మా ఆయన వేడన్నంలో కలుపుకుని, "నాకైతే బాగుండాది" అని తిన్నాడు. నేను మాత్రం మూడో రోజు రోలు కడుగుతూ ఏడ్చాను. ఇంత పెద్ద నోరు పెట్టుకుని కాయ లాక్కున్నదాన్ని, దాని బదులు ఒక్క ముద్ద పెట్టలేకపోతున్నాను.

ఆరోజు ఫోన్‌లో మామగారికి నిజం చెప్పేశాను. "రేపు పిల్చుకొని రాండమ్మా. నేనొకసారి చూస్తా" అన్నాడు.

పొద్దున్నే కారు మాట్లాడుకుని అబ్బాయి, ఆ పిల్ల, నేను ఆళ్లగడ్డ పోయాం. రోడ్డు పక్కన రేకుల కొట్టం, ముందర ముఖాలు రాని దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. మిషన్లు ఆపించి, తెల్లటి రాతిపొడి దులుపుకుంటూ వచ్చాడు మామగారు. కోడలి ముఖం చూసి గబుక్కున చూపు తిప్పుకున్నాడు. పెళ్లాం పోయినప్పటినుంచి ఆయన వంట ఆయనే చేసుకుంటాడట, ఇంట్లో రోలుంది. నేను జరిగింది చెప్పాను. ఆయన విగ్రహానికి ఆర్డరిచ్చేవాళ్ల మాట విన్నట్టు శ్రద్ధగా విన్నాడు.

"రాయితోనా, కట్టెతోనా?" అని అడిగాడు. అబ్బాయి భార్యను అడిగి, కట్టెతో అని చెప్పాడు. నాకు ఆ మాటే తట్టలేదు. మామగారు సుత్తికి వేయడానికి తెచ్చుకున్న కొత్త కర్ర ఒకటి తీసి, కడిగి, తుడిచి, రోటి ముందు కూర్చున్నాడు. కోడలు ఆయన ఎదురుగా కూర్చుని చేతులతో చూపించింది. ఆయన ఆ చేతులనే చూశాడు, ముఖం వైపు చూడలేదు. తర్వాత కర్రను వేళ్లతో వదులుగా పట్టుకుని కొట్టాడు. ఎడమ చేత్తో గరిటె పట్టి తిప్పాడు, మళ్లీ కొట్టాడు.

"ముక్కు చెక్కేకాడ గట్టిగ కొడితే విగ్రహమే పాయె" అన్నాడు నాతో. "కట్టె బరువే కొట్టల్ల. మన చెయ్యి కాదు."

టక్, టక్ అని బోలుగా శబ్దం వస్తోంది. ఆ పిల్ల ముందుకు వంగి, "ఇదే! మా అమ్మ బండికాడ ఇదే వస్తాది!" అంది. పళ్లెంలో అన్నం, పక్కన దోసకాయ సోమ్‌తమ్ పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా ఆపలేదు. మేం ముగ్గురం ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాం. పళ్లెం ఖాళీ చేసి ఇంకా అడిగింది. అరగంటైనా కక్కలేదు. "తినిందమ్మా" అన్నాడు మామగారు, నేనింకా ఫోన్‌లోనే ఉన్నట్టు. ఆ కొట్టంలో ఎన్ని విగ్రహాలకు దండం పెట్టానో తెలియదు గానీ, ఆ పూట ముందుగా దండం పెట్టాల్సింది ఆయన చేతులకే అనిపించింది.

నంద్యాలకు వచ్చేటప్పుడు ఆ కర్ర కూడా ఇచ్చి పంపాడు. వారం రోజులకు నా చెయ్యి కూడా దారికొచ్చింది. దోసకాయ, క్యారెట్, మామిడికాయ, ఏది దొరికితే దాంతో రోజూ చేశాను. నిలిచింది. బరువు పెరిగింది. అయిదో నెలలో నేనే పైకి పోయి, "నీ చేపనీళ్లు తెప్పించుకో" అన్నాను. సీసా మూత తీసిన రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిందికి పరిగెత్తాను. మా ఆయన అంగడి నుంచి వచ్చి, "నంద్యాలకు సముద్రం వచ్చినట్టుండాదే" అన్నాడు. మా అత్తగారి ఫొటో వైపు చూసి, ఏమన్నా అనుకోనీ అనుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై రోజుల తర్వాత, ఆ పిల్లకు నేను వెల్లుల్లి కారంతో అన్నం కలిపి పెట్టినప్పుడు, వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఫోన్‌ను బండికే ఆనించి పెట్టి, కొడుతూనే మాట్లాడుతోంది. నాకు దండం పెట్టింది. నన్ను పొగుడుతుంటే ఉండబట్టలేక, ఆ కాయ నేనెందుకు పారేశానో మీ అమ్మకు చెప్పు అన్నాను. నాలుగు ముక్కల సంగతి మొత్తం చెప్పించాను.

ఆమె కొట్టడం ఆపింది. చాలాసేపు మాట్లాడింది. ఆ పిల్ల ముఖం మారిపోయింది. "మా అమ్మకు గూడ నాకంటే ముందు ఒకటి పోయిందంట పెద్దమ్మా. నాకు ఇప్పుడే చెప్తాంది" అంది.

"మీ ఊళ్లో ఏం తిన్న్యావని అడిగినారా?" అన్నాను.

ఆ పిల్ల అడిగింది. వాళ్లమ్మకు నా ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగించాను. ఆమె ఏదో చెప్పింది, చిన్నమాట.

"ఎవ్వరూ అట్ల అడగలేదంట. తిను అని పెట్టినారంట. ఊరంతా తెచ్చి పెట్టినారంట."

ముప్పై రెండేళ్లలో నన్ను ఏం తిన్నావని అడిగినవాళ్లే గానీ, తిను అని పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రోజు చాప మీద కూర్చున్నప్పుడు నాకు ఎంత ఆకలిగా ఉండిందో అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్‌లో ఆమె చూస్తోందని కూడా మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చాను. పచ్చి బాలింత, ఆ పిల్ల నేను కలిపి పెట్టిన పళ్లెం నా వైపు జరిపి, "తిను పెద్దమ్మా" అంది.

తిన్నాను.