అట్ట వెనకాల ఏడు

కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ఆయన్ని వీధి వీధంతా పళ్ళాయన అనే పిలిచేది. ఆయన సొంత పళ్ళు కాస్త వంకర కాబట్టి ఆ పిలుపులో వెటకారం లేకపోలేదు. ఆయన పట్టించుకునేవాడు కాదు. వారంలో ఆరు రోజులు ఎవరివో చిగుళ్ళు మైనంతో చెక్కుతూ, పళ్ళు ఒక్కొక్కటే పొదుగుతూ గడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తన ముందుగదిలో కథ నడిపేవాడు.

అదొక ఆట. ఆయన ఒక లోకాన్ని చెబుతాడు, ఆడేవాళ్ళు తలా ఒక మనిషై అందులో తిరుగుతారు. నేను ఈ గోడ దూకుతాను అని ఎవరైనా అంటే, దూకగలిగారా, కాలు విరగ్గొట్టుకున్నారా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వాళ్ళు అందరి ఎదుటా వేస్తారు. పళ్ళాయన మాత్రం తన ముందు ఒక అట్ట నిలబెట్టుకుని దాని వెనకాల వేసేవాడు. ఎంత పడిందో ఆయన చెప్పిందే లెక్క.

ఎనిమిదేళ్ళుగా ఆడేది ఇద్దరే. ఒకడు స్కూలు బస్సు డ్రైవరు. రెండోది పక్కవీధిలో బట్టలు కుట్టే అక్క. ఆ బల్లకంటూ కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. నేలమీద పడ్డ పాచిక చెల్లదు. ఒకరి పాచిక ఇంకొకరు ముట్టుకోకూడదు. టీ గ్లాసు కాగితాల మీద పెట్టినవాళ్ళు వచ్చే వారం బిస్కెట్లు తేవాలి. అన్నిటికన్నా గట్టిది, పోయిన పాత్ర మళ్ళీ బతకదు. డ్రైవరు ఆడే విలుకాడు కథలో చచ్చిపోయి, వాణ్ణి బతికించమని అతను గడ్డం పట్టుకుని బతిమాలిన రోజున అక్కే పట్టుబట్టి పెట్టించిన నియమం అది. పోయిన పాత్ర సంగతులు రాసుకున్న కాగితాన్ని రేకుడబ్బాలో పెట్టేటప్పుడు ముగ్గురూ లేచి నిలబడి తలా ఒక మాట చెప్పాలి.

అక్క పాత్ర పడవ నడిపే ముసలమ్మ. పక్షవాతంతో వాళ్ళమ్మకి మాట పడిపోయిన నెలలో రాసుకున్న పాత్ర. ఆ ముసలమ్మ గొణుగుడూ, దెప్పులూ, నవ్వబోయి దగ్గడం, అన్నీ ఆ తల్లివే. ఈ సంగతి పళ్ళాయనకి తెలుసు. తెలిసే ఒక ఆదివారం ఆ పని చేశాడు. అదే ఆయన్ని తర్వాత కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

ఆ వారం ఆయన చేసిన సెట్టు ఒకటి సరిపోలేదని పళ్ళ డాక్టరు నలుగురిలో చీవాట్లు పెట్టాడు. ఆ మంట చల్లారకుండానే ఆదివారం వచ్చింది. అక్క అలవాటుగా తన నోటుబుక్కు తెరిచి రెండుసార్లు ఆయన్ని దిద్దింది. వంతెన పోయిన ఏడాదే కూలిందని ఒకసారి, ఆ ఊరి కాపలావాడికి ఎడమ కన్ను లేదని ఇంకోసారి. డ్రైవరు పడీపడీ నవ్వాడు. పళ్ళాయనకి చెవులు వేడెక్కాయి.

కథలో అప్పుడు వరద వస్తోంది. ముసలమ్మ పడవ మధ్యలో ఉంది. పదిహేను దాటితే పడవ విరిగి ముసలమ్మ మునిగిపోతుందని చెప్పి, ఆయన అట్ట వెనకాల పాచిక వేశాడు. ఏడు పడింది.

"పంతొమ్మిది," అన్నాడు.

ప్రతిదానికీ వాదించే అక్క ఆ రోజు ఆ అంకెని అక్కడికక్కడే నమ్మేసింది. ముసలమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికిచ్చింది. ముగ్గురూ లేచి నిలబడ్డారు. తన వంతు వచ్చినప్పుడు పళ్ళాయన, "ఆవిడ పడవెక్కినవాళ్ళు ఎవరూ మునగలేదు," అన్నాడు. కాగితాన్ని రేకుడబ్బాలో పెట్టి మూత వేశాడు.

తర్వాతి వారం నుంచి అక్క ఒక సిపాయి పాత్ర పట్టుకుని వచ్చింది. ఆ సిపాయి మాట్లాడడు. "కొడతాను," "నడుస్తాను," అంతే. పళ్ళాయన ఆ సిపాయికి మంచి కత్తి దొరికేలా చేశాడు, శత్రువుల గురి తప్పేలా చేశాడు. పని దగ్గర మైనం కరిగిస్తూ ఏడు, ఏడు అనుకుని చెయ్యి కాల్చుకున్నాడు. చెప్పేద్దామని రెండుసార్లు ఆమె గుమ్మందాకా వెళ్ళి, కుట్టు మిషను చప్పుడు విని వెనక్కి వచ్చేశాడు.

రెండు నెలలకి అక్కే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"తమ్ముడూ, నీతో ఒక పని పడింది. నవ్వకూడదు మరి."

"చెప్పక్కా."

"ప్రతి ఆదివారం ఆట అవ్వగానే ఇంటికెళ్ళి ముసలమ్మ ఏం చేసిందో అమ్మకి చెప్పేదాన్ని. నచ్చిన చోట ఎడమ చెయ్యి ఎత్తేది. ఇప్పుడు ముసలమ్మ పోయిందని చెప్పడానికి నోరు రావట్లేదు. ఏదో అల్లి చెబుతున్నా. నీలా అల్లడం నాకు చేతకాదు కదా, అమ్మ చెయ్యి ఎత్తడం మానేసింది. ఆ వరద దాటి ఉంటే ఏమయ్యేదో కాస్త చెప్పు, రాసుకుంటా."

పళ్ళాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు పంతొమ్మిది పడలేదు."

"ఎంత పడింది?"

"ఏడు. నువ్వు నన్ను దిద్దావని కోపమొచ్చింది."

అక్క నోటుబుక్కు మూసింది. ఆమె తిట్టిపోస్తే బాగుండునని ఆయనకి అనిపించింది.

"నీ మాట అబద్ధం కావచ్చని నాకు తట్టనే లేదురా," అంది.

"ఆ ఆట చెల్లదని చెప్పి ముసలమ్మని బతికిద్దాం అక్కా."

"వద్దు. డ్రైవరు ఏడ్చి మొత్తుకున్నా వినకుండా నియమం పెట్టింది నేను. నాకొకటీ వాడికొకటీనా? కానీ నువ్వు వాడికి నిజం చెప్పాలి. ఆదివారం సాయంత్రాలు మా ఇంటికొచ్చి అమ్మకి కథ చెప్పాలి. నేను చెప్పలేను."

డ్రైవరుకి చెప్పినప్పుడు అతను నవ్వలేదు. "అయితే అన్నా, నా విలుకాడికి ఎంత పడింది?" అన్నాడు. నిజంగానే పద్దెనిమిది పడిందని పళ్ళాయన ఒట్టు పెట్టుకున్నాడు. డ్రైవరు తలూపాడు గానీ నమ్మాడో లేదో తెలియలేదు. ఆ రోజే అట్ట తీసేశారు. మూడు వారాలు అతను ఆటకి రాలేదు.

పళ్ళాయన మాత్రం ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, ముసలమ్మ వరద ఎలా దాటిందో, అవతలి ఒడ్డున ఎవరితో పోట్లాడిందో చెప్పేవాడు. మూడో వారం ఆ తల్లి ఎడమ చెయ్యి ఎత్తింది. కథ అయ్యాక ఆయన వేళ్ళు పట్టుకుని వదల్లేదు. ఆవిడ అంత ఆప్యాయంగా పట్టుకున్నకొద్దీ ఆయనకి తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

పద్నాలుగు నెలలు అలా సాగింది. అక్క వాళ్ళమ్మ పోయిన తర్వాతి ఆదివారం కూడా, ఏం చెయ్యాలో తోచక, ఆయన అదే వేళకి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్క మిషను మీద నుంచి తలెత్తి చూసింది.

"క్షమించానని నా నోట రాదు తమ్ముడూ," అంది. "లోపలికి రా. మిగిలిన కథ చెప్పు."