వాత పక్కన గడ్డ

1990 జనవరిలో నన్ను డిప్యూటీ సివిల్ సర్జన్‌గా మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణపు అంచున, ఆలంపూర్ వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వేశారు. జనం దృష్టిలో నేను పెద్ద డాక్టర్ని. హోదాల వరుసలో మాత్రం మధ్యవాణ్ణి: నా కింద ఇద్దరు అసిస్టెంట్ సర్జన్లు, నా మీద జిల్లా కేంద్రంలో సివిల్ సర్జన్. హెర్నియా, అపెండిక్స్, విరిగిన ఎముకలు మా దగ్గరే చూసేవాళ్లం. అంతకు మించినవి చీటీ రాసి హైదరాబాదుకు పంపేవాళ్లం.

ఆసుపత్రి పని కాక నాకు ఇంకో పని ఉండేది. కాలేజీ రోజుల నుంచి నేను వాదించే మనిషిని. దిష్టి, దయ్యం, మంత్రం, తాయెత్తు ఏది కనపడినా ఊరుకునేవాణ్ణి కాదు. ఆ ప్రాంతంలో నాకు ముఖ్య శత్రువు వాత. కామెర్లు వస్తే ఇనుప కడ్డీ కాల్చి చేతి మీద చురక పెట్టడం అక్కడి ఆచారం. ఎక్కువ కామెర్లు నీటి వల్ల వచ్చేవి. కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గిన ఖ్యాతి వాతకు పోతుంది, తగ్గనివాడు శ్మశానానికి పోతాడు కాబట్టి సాక్ష్యం చెప్పడానికి రాడు. ఈ మాట ఎన్ని సభల్లో అన్నానో లెక్క లేదు. మా చుట్టుపక్కల వాతలు పెట్టే మనిషి ఈరమ్మ అనే ముసలామె. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. అందువల్లే ఆమెను మోసగత్తె అనడానికి నాకు వీల్లేకపోయింది.

ఆ వేసవిలో లక్ష్మయ్య వచ్చాడు. యాభై దాటిన చేనేత కార్మికుడు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడంలో మంచి పేరున్నవాడు. ఒళ్లంతా పసుపు, గోకి గోకి చర్మం మీద గీతలు, ఎడమ దండచేయి మీద పుండు ఆరీ ఆరని వాత. నొప్పి మాత్రం లేదు. కుడి డొక్క కింద చేయి పెట్టి చూస్తే పిత్తాశయం నున్నటి వంకాయలా తగిలింది. నొక్కినా అతనికి బాధ లేదు. మా చదువులో దీనికి పాత సూత్రం ఒకటుంది. రాళ్లు ఉన్న పిత్తాశయం చాలావరకు ముడుచుకుని ఉంటుంది. నొప్పి లేకుండా ఉబ్బిందంటే, పైత్యరసం పేగులోకి దిగే నాళాన్ని కింద ఏదో గడ్డ మూసేసిందని అనుమానించాలి. అతని భార్య పద్మమ్మను పిలిచి, ఆ పూటే బస్సెక్కమన్నాను.

హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ఆ నాళం చివర, దాన్ని అంటుకున్న చిన్నపేగు, క్లోమం తలభాగం, పిత్తాశయం అన్నీ కలిపి తీసి, మిగిలిన గొట్టాలను మళ్లీ పేగుకు కుట్టే పెద్ద ఆపరేషన్ అది. రిపోర్టు నా దగ్గరికి వచ్చింది: పిత్తనాళంలో క్యాన్సర్, కోసిన అంచుల్లో జబ్బు లేదు, తీసిన లింఫ్ గ్రంథుల్లోనూ లేదు. నాలుగు నెలలకు లక్ష్మయ్య మళ్లీ మగ్గం ఎక్కాడు. నెలనెలా నాకు కనిపించిపోయేవాడు.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో చొక్కా చేయి పైకి మడిచి చూపించాడు. వాత మచ్చ దగ్గర చింతగింజంత గడ్డ.

"నొప్పి లేదు సారూ. నాడె ఇసిరేటప్పుడు జర గుంజుతాంది" అన్నాడు. నాడె అంటే మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ మోసేది.

అది చూడగానే నాకు మండింది. ఇది మీ ఈరమ్మ ఇచ్చిన బహుమానం అన్నాను. అతను నవ్వాడు. "గా అవ్వ మీద మీ కోపం ఇంక దిగలే."

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. పద్మమ్మ వైపు చూపించి ఇలా అన్నాడు: "పాత బీమారే మళ్ల లేసిందంటే జెప్పుండ్రి సారూ. గీమె కండెలు చుట్టుడే గని మగ్గం మీద ఎన్నడు కూసోలే. అంచు కలుపుడు నేర్పాలె. నేను పోతే ఇల్లు గడవాలంటే గదొక్కటే తొవ్వ."

వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు నూలు తోడి, నాడెలో పెట్టే కండెలు చుట్టడం చేస్తారు, మగ్గం మగవాడిది. అంచు కలపడం అందరికీ వచ్చే పని కాదు. మూడు నాడెలు ఒకదాని దారి ఒకటి తప్పకుండా నడవాలి. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

తొందరేమీ లేదు, ఇది మచ్చ మందమెక్కడం అంతే అని చెప్పాను. ఓపీ చీటీ మీద కూడా అదే రాశాను. పూయడానికి మందు ఇచ్చాను. పద్మమ్మ మొహంలో నిశ్చింత కనిపించింది. నేర్పే పని పక్కకు పెట్టి, వచ్చిన ఆర్డర్లు నేసుకోవడంలో పడ్డారు.

నేను అంతటితో ఆగలేదు. హైస్కూలు హాల్లో మూఢనమ్మకాల మీద సభ పెట్టినప్పుడు లక్ష్మయ్యను వేదిక ఎక్కించి చొక్కా చేయి మడిపించాను. చూడండి, కాల్చిన చోట ఏం మొలిచిందో అన్నాను. చప్పట్లు కొట్టారు. అతను సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

గడ్డ కనపడ్డ రెండు నెలలకు, మా ల్యాబ్ టెక్నీషియన్ ఖాజా అతని రక్తం తీస్తూ చేయి చూశాడు. సాయంత్రం నా గదికి వచ్చాడు. హోదాలో నాకన్నా చాలా కింద, వయసులో నాకన్నా రెండేళ్లు పెద్ద.

"గుస్స కాకండ్రి సార్. వాత పెట్టి ఏడాదైతాంది, గడ్డకు రెండు నెలలు. పైగ గడ్డ మచ్చ మీద లేదు, బొటనవేలంత పక్కకున్నది. మచ్చ మందమైతే మచ్చ మీదనే గావాలె గద?"

నువ్వెప్పుడు డాక్టరయ్యావని అడిగాను.

"కాలే సార్. పరీక్ష చెయ్యంది నమ్మొద్దని మీటింగుల మీరే చెప్తరు గద, గది విన్న. సూది నేను ఉడకబెట్టి తెస్త, మీరు పెట్టి చూడుండ్రి."

మర్నాడు గడ్డను మళ్లీ వేళ్లతో పట్టి చూశాను. గట్టిగా, రాయిలా ఉంది. చర్మం దాని మీద కదలడం లేదు. ఇవన్నీ మొదటిరోజు కూడా నా వేళ్లకు తగిలి ఉండాలి. వేళ్లకు తగిలినదాన్ని నా కోపం పట్టించుకోలేదు. సన్న సూది గుచ్చి, పీల్చిన చుక్కను గాజు పలకల మీద పరిచాం. ఖాజా వాటిని స్పిరిట్‌లో ముంచి, చెక్కపెట్టెలో సర్ది, హైదరాబాదుకు తానే తీసుకెళ్లాడు. లక్ష్మయ్య ఆపరేషన్ ముక్కను పరీక్షించిన ప్రొఫెసర్ దగ్గర పాత పలకలు భద్రంగా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఆయన జవాబు రాశారు: ఒకే జబ్బు, ఒకే రకం కణాలు. ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు కనిపించాయి.

భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. లక్ష్మయ్య తన చేతివైపు చూసుకుంటూ అడిగాడు.

"అంచులు సాఫ్ అన్నరు గద సారూ, కోసినప్పుడు?"

అది నిజమేనని చెప్పాను. అంచులు శుభ్రం అంటే కోసి తీసిన ముక్క అంచుల్లో జబ్బు లేదని మాత్రమే. కంటికి కనపడని కణాలు కొన్ని అంతకుముందే రక్తంలో పడి ప్రయాణమై ఉంటాయి. అవి ఆ ముక్కలో దొరకవు. ఈ జబ్బు సాధారణంగా కాలేయానికో ఊపిరితిత్తులకో పోతుంది, చేతి చర్మం కిందికి రావడం అరుదు.

"అంటే కత్తెర పెట్టకముందే పోగు జారిపోయింది" అన్నాడు. నేను తర్వాత విద్యార్థులకు చెప్పిన ఏ వివరణా ఇంతకన్నా బాగా కుదరలేదు.

కత్తి తగలడం వల్లనే పాకిందని బజార్ల అంటున్నరు, నిజమేనా అని పద్మమ్మ అడిగింది. ఆపరేషన్ లేకపోతే నిరుటి వానాకాలమే గడిచేది కాదని చెప్పాను. రెండు నెలల కిందటే తెలిసినా, దీన్ని ఆపే మందు నాకు తెలిసినంతలో ఎక్కడా లేదనీ చెప్పాను. ఆ మాటలో నన్ను నేను కాపాడుకునే ప్రయత్నం ఉంది. లక్ష్మయ్య దాన్ని సాగనివ్వలేదు.

"మందు సంగతి కాదు సారూ. రెండు నెలలు ముందు జెప్తే, రెండు నెలలు గీమెకు నేర్పుతుంటి."



నాలుగు రోజులకు ఈరమ్మ కర్ర పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే అడిగింది: "నా చేతి వాతతోనే గీ గడ్డ లేసిందని మీరు మీటింగుల చెప్పిన్రంట. నిజమేనా బిడ్డా?"

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. అవును అంటే చాలు, ఆమె ఆ కడ్డీ మళ్లీ ముట్టదు. ఏళ్లుగా నేను కోరుకున్నది అదే. కాని కాలిన గాయం దగ్గరికి ఈ కణాలు చేరతాయా అని నేను అప్పటికే ప్రొఫెసర్‌కు రాసి అడిగి ఉన్నాను. పాత గాయాల దగ్గర గడ్డలు లేచిన సంగతి చదివాననీ, ఒక్క మనిషిని చూసి అవుననీ కాదనీ తేల్చలేమనీ ఆయన రాశారు. ఆ ఊహ నాకూ ఆసక్తిగానే ఉండింది, కాని ఆసక్తి ఆధారం కాదు.

తెల్వదు అని చెప్పాను. వాతతో కామెర్లు తగ్గవు, అది మాత్రం తెలుసు, కామెర్ల మనిషి వస్తే ముందు నా దగ్గరికి పంపు అన్నాను.

"తెల్వదన్న డాక్టర్ను గిప్పుడే చూస్తున్న" అని కర్ర ఊతంగా తిరిగింది. ఆ తర్వాత ఆమె మనుషుల్ని పంపింది. మొదట్లో వాత పెట్టి పంపేది, తర్వాత పెట్టకుండా.

అదే హైస్కూలు హాల్లో నేను మళ్లీ నిలబడి, ఆ రోజు చూపించింది తప్పని చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. వెనక వరుసలో ఒకాయన, "మరి మీ మాటలల్ల ఏది నమ్మాలె సారూ?" అన్నాడు. పరీక్ష చేసిన వాటిని అన్నాను. నవ్వారు. ఆ నవ్వు నాకు దక్కవలసిందే.

లక్ష్మయ్య అయిదు నెలలు బతికాడు. మగ్గం మీద పద్మమ్మ, పక్కన స్తంభానికి ఆనుకుని అతను. "ఇట్ల కాదే, గా నాడె ముందు... నీ తొందర పాడుగాను" అని అతను కసరడం, "నోరు మూసుకుని చూడు" అని ఆమె గదమడం నేను వెళ్లినప్పుడల్లా వినేవాణ్ణి. అతను పోయాక ఒకసారి పద్మమ్మను పని ఎలా ఉందని అడిగాను. కుడి అంచు తప్పు లేకుండా కలుస్తోందనీ, ఎడమ అంచులో ఇంకా సందులు పడుతున్నాయనీ చెప్పింది. అతను ఇంకో రెండు నెలలు ఉంటే అదీ వచ్చేదని అంది. నన్ను నిందించడానికి అన్న మాట కాదు, పని లెక్క చెప్పింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, మచ్చ దగ్గర లేచిన ఏ గడ్డకైనా ఓపీ చీటీ మీద మచ్చ వయసు, గడ్డ వయసు పక్కపక్కన రాసేవాణ్ణి. రెండూ పొసగకపోతే ముందు సూది, ఉపన్యాసం తర్వాత. మూఢనమ్మకం మీద కోపం తెచ్చుకునే హక్కు నాకుంది. ఆ కోపాన్ని రోగనిర్ణయంగా రాసే హక్కు లేదు.