కనకయ్య చూపిన రెండు వేళ్ళు

మా వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు కసురుకునేది నేనే. నిమ్మకాయలన్నా తాయెత్తులన్నా నాకు ఒళ్ళుమంట. ఇది చెబితే మీరు నన్నే అనుమానిస్తారని తెలుసు. అయినా చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ముంబై పక్కన భివండిలో, టెంఘర్ దగ్గరి ఒక కార్ఖానాలో మా తమ్ముడు శీను సాంచాలు, అంటే పవర్‌లూములు, నడిపేవాడు. పక్క సాంచాల మీద వాడి దోస్తు కనకయ్య. ఒకరోజు మధ్యాహ్నం కనకయ్య పని మధ్యలో బయటికి పోయి ప్రాణం తీసుకున్నాడు.

అప్పటినుంచి శీనుకు తిండీ లేదు, నిద్రా లేదు. డ్యూటీ దిగినా ఇంటికి రాడు. కనకయ్య సాంచాల మీదికి వేరే మనిషి వచ్చినా, వాటి ముందే గంటలకొద్దీ నిలబడేవాడు. ఎందుకురా అంటే చెప్పడు. "అక్కా, నేను గూడ పోత" అన్నాడొకసారి. మర్నాడే వాణ్ణి వెంటబెట్టుకుని ఠాణే ఊళ్ళోని ఆసుపత్రికి పోయాను.

అక్కడ మానసిక డాక్టరును కలవడానికి ఐదు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. అంతవరకు వీణ్ణి ఎట్లా బతికించుకోవాలి? ఆసుపత్రిలో తేదీలిచ్చే మేడమ్ ఒక చీటీ ఇచ్చింది. వంతు కోసం ఎదురుచూసేవాళ్ళు అందులో ఉన్న ఇంటర్నెట్ అడ్రసుకు రాస్తే తామే జవాబిస్తామంది.

నేను కంప్యూటర్ క్లాసుకు పోయినదాన్ని. రోజూ వాణ్ణి సైబర్ కేఫ్‌కు లాక్కెళ్ళి, హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. దోస్తు పోయాడని, తమ్ముడు నిద్రపోవడం లేదని. పేర్లు గానీ, ఏ భాషవాళ్ళమని గానీ రాయలేదు. జవాబులు హిందీలోనే వచ్చేవి. రెండు ముద్దలు తినిపించండి, కాస్త నడిపించండి, ఒంటరిగా వదలకండి. మంచి మాటలే, కానీ శీను చెవిన పడేవి కావు.

మూడో వారం ఒక పొద్దున జవాబు తెలుగులో వచ్చింది. అవే ఇంగ్లీషు అక్షరాలు, మాట మాత్రం మాది. వాడికి ఇంగ్లీషు రాదు కనుక పైకి చదివాను.

"శీనూ, రెండు వేళ్ళు సూపిచ్చి అబద్ధం చెప్పిన. నీకెట్ల తెలుస్తదిరా? ఇగ నా సాంచాలు సూడకు. ఇంటికి పో."

శీను బల్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పుడు చెప్పాడు. కార్ఖానా మోతలో మాట వినబడదు, అంతా సైగలే. రెండు వేళ్ళు చూపిస్తే, నా రెండు సాంచాలు చూస్తుండు, ఇప్పుడే వస్తానని. ఆ మధ్యాహ్నం కనకయ్య అట్లాగే చూపించాడు. చాయ్‌కి పోతున్నాడనుకుని వీడు తెగిన పోగు ముడేస్తూనే తలూపాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. నాకు కూడా.

ఆ రోజు డ్యూటీ దిగి నేరుగా ఇంటికొచ్చాడు. అన్నం తిని పడుకున్నాడు.

తేదీ నాడు మేడమ్‌ను అడిగాను. ఆమె కంప్యూటర్ చూసి, ఆ రోజు మీకు జవాబే పంపలేదు, మాలో తెలుగు వచ్చినవాళ్ళెవరూ లేరు అంది. నువ్వే రాశావేమో అని మెల్లగా అడిగింది. నాకు కోపం రాలేదు, ఆమె చోట నేనున్నా అదే అడిగేదాన్ని. కానీ రెండు వేళ్ళ సంగతి అప్పటికి నాకెట్లా తెలుస్తుంది?

ఎవరు రాశారో ఈనాటికీ నాకు అంతుపట్టదు. శీను మందులు వాడుతూ అదే పని చేస్తున్నాడు. కార్ఖానాలో ఎవరైనా రెండు వేళ్ళు చూపిస్తే మాత్రం తలూపడు. తన సాంచాలు బంద్ చేసి వాళ్ళ వెంట నడుస్తాడు.