సారీ బాబాయి, ఆయన తేనెటీగలు

సారీ బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు, క్షమాపణ చెప్పడం. తప్పెవరిదన్నది ఆయనకి అనవసరం. ఎవరైనా ఆయన కాలు తొక్కితే, "సారీ అండీ, అడ్డంగా పెట్టాను" అంటాడు. తలుపుకి తల కొట్టుకుంటే తలుపుకి చెబుతాడు. గడియారాల రిపేరు కొట్టు నడిపిన రోజుల్లో ఎవరైనా టైమెంతని అడిగితే, "పదకొండయిపోయిందండీ, సారీ" అనేవాడు, పొద్దెక్కడం కూడా తన నిర్వాకమే అయినట్టు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఈయన దొంగ దొరికిపోయాక కూడా తడుముకునే రకం.

అలాంటి మనిషి కొట్టు కట్టేశాక ఊరికే కూర్చోలేక పెరట్లో నాలుగు తేనెపెట్టెలు పెట్టాడు. దాంతో తన ఒక్కడి తరఫున చెప్పే సారీలు చాలక, వేలకొద్దీ ఈగల తరఫున కూడా చెప్పాల్సి వచ్చింది.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన తన జాగ్రత్తలో తనుండేవాడు. ఎండలు ముదరకముందే పెట్టెల పక్కన వెడల్పాటి మట్టి పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, రాళ్ళు పూర్తిగా మునగకుండా నీళ్ళు పోశాడు. ఈగలు రాయి మీద వాలి, నీళ్ళలో పడకుండా తాగి పోవాలని. అందులో చిటికెడు ఉప్పు కూడా వేసేవాడు. వాటికి చప్పటి నీళ్ళకన్నా కాస్త ఉప్పగా ఉండేవే ఇష్టమట. ఒకచోట తాగడం అలవాటైతే మళ్ళీమళ్ళీ అక్కడికే పోతాయి గనక, పక్కింటి కుళాయి కంటపడకముందే మన పళ్ళేనికి అలవాటు చెయ్యాలని, పళ్ళెం ఒక్కపూట కూడా ఎండకూడదని గోడ మీదుగా అందరికీ చెప్పేవాడు. పళ్ళెం ఎండుతుందేమోనని పెళ్ళిళ్ళకెళ్ళినా, పెళ్ళికొడుక్కి సారీ చెప్పి మధ్యలోనే వచ్చేసేవాడు.

ఇంతచేసినా ఆ వేసవిలో ఈగలు పక్కింటికి పోవడం మొదలుపెట్టాయి. పక్కిల్లు టైలరమ్మది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగంరోజులు రోడ్డు మీదే. ఆవిడ తెల్లారింది మొదలు ముందుగదిలో మిషను దగ్గరే ఉంటుంది. అత్తగారు వెనక వసారాలో కుర్చీలో ఉంటుంది. ఆ వసారా పక్కనే బట్టలుతికే నీళ్ళ తొట్టి. ఈగలు ఆ తొట్టి చుట్టూ చేరాయి.

మధ్యాహ్నం అయ్యేసరికి బాబాయి పాతగుడ్డ ఒకటి భుజాన వేసుకుని దిగేవాడు. "సారీ అమ్మా, మావాళ్ళు మళ్ళీ వచ్చారా?" అంటూ తొట్టి ఖాళీచేసి, చుక్క తడి లేకుండా తుడిచి, అవి నిజంగా పోయాయో లేదో చూడాలని వసారా గట్టు మీద గంటసేపు కూర్చునేవాడు. అత్తగారు తన చిన్నప్పుడు పడవ తప్పిపోయిన కథ చెప్పేది. రోజూ అదే పడవ, రోజూ అలాగే తప్పిపోయేది. బాబాయి కొత్తగా విన్నట్టు విని, చివర్లో ఆ పడవ తరఫున కూడా సారీ చెప్పేవాడు.

మిషను చప్పుడులో ఈ మాటలు వినపడీ వినపడక టైలరమ్మ పళ్ళు నూరుకునేది. తుడిచిన తొట్టికి మర్నాడు మళ్ళీ ఈగలెలా వస్తున్నాయి? ఈయన సారీలు తప్ప పనేమీ చెయ్యడని తేల్చేసుకుంది.

బడులు తెరిచే ముందు వారం, యూనిఫారాలు కొండలా పేరుకుపోయి ఉండగా, తొట్టి దగ్గర ఒక ఈగ ఆవిడ బొటనవేలి మీద కుట్టింది. వేలు ఉబ్బింది, సూదిలో దారం ఎక్కలేదు, మిషను ఆగిపోయింది. ఆవిడ అగ్గిమీద గుగ్గిలమై గోడ దగ్గరికొచ్చింది.

"బాబాయిగారూ, మీ సారీలు నాకొద్దు. ఆదివారంలోపు ఆ పెట్టెలు ఇక్కడ ఉండకూడదు."

బాబాయి మొహం పాలిపోయింది. ఆ పెట్టెలు తప్ప ఆయనకి పొద్దుపోయే దారి లేదని వీధంతటికీ తెలుసు. అయినా, "అలాగేనమ్మా, సారీ" అని ఊరుకున్నాడు. వసారాలో అత్తగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

శనివారం పొద్దుగూకి ఈగలన్నీ గూటికి చేరాక, పెట్టెల ద్వారాలకి జాలీ కట్టి వ్యాను ఎక్కించసాగారు. ఊరవతల స్నేహితుడి తోటలో చోటు దొరికింది. బాబాయి ఒక్కో పెట్టెకీ వంగి సారీ చెబుతుంటే, వ్యాను డ్రైవరు ఎవరితో మాట్లాడుతున్నాడా అని చుట్టూ చూశాడు. నాలుగో పెట్టె మీద వేసిన చెయ్యి బాబాయి ఎంతకీ తియ్యలేదు.

అప్పుడొచ్చింది అత్తగారు, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ. వెనకాలే కంగారుగా టైలరమ్మ.

"దించవయ్యా ఆ పెట్టెల్ని. తొట్టిలో ఉప్పు వేసింది నేనే."

టైలరమ్మ గిరుక్కున అత్తగారి వైపు తిరిగింది. ముసలావిడే అందుకుంది. "రోజూ ఈయన తుడిచి పోగానే నీళ్ళు పట్టి, గుప్పెడు వేసేదాన్ని. ఈగలొస్తే ఈయనొస్తాడు. ఈయనొస్తే గంటసేపు నాకు తోడు. ఇంట్లో ఆ మిషను మాట్లాడినంత ఎవరు మాట్లాడతారమ్మా నాతో?"

ఉప్పు పొట్లాలు తూకం తక్కువిస్తున్నాడని కొట్టువాడితో తను రెండుసార్లు పోట్లాడిన సంగతి టైలరమ్మకి గుర్తొచ్చింది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా, అత్తగారి చివరిమాట గుండెలో గుచ్చుకుంది.

"మీకు తెలుసా బాబాయిగారూ?"

"మొదటిరోజే తెలిసిందమ్మా. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. సారీ."

"మరి చెప్పరేం?"

"చెబితే పెద్దమ్మగారికి చిన్నతనం కదా. నన్నంటావా, నాకు అలవాటే."

టైలరమ్మ ఉబ్బిన బొటనవేలుతోనే చేతులు జోడించింది. "సారీ బాబాయిగారూ."

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరికో చెబుతోందని. ఎవరూ లేరు. జీవితమంతా ఆ మాట ఇవ్వడమే గాని పుచ్చుకోవడం ఎరగడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "సా..." అనేలోపే ముసలావిడ అడ్డుకుంది. "ఈ ఒక్కసారికి ఊరుకో నాయనా."

పెట్టెలు దిగాయి. తొట్టిలో ఉప్పు పడడం ఆగాక, కొన్నాళ్ళకి ఈగలు తమ పళ్ళేనికే పోవడం అలవాటు చేసుకున్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం మిషను గంటసేపు ఆగుతుంది. టైలరమ్మ కూడా వసారాలో కూర్చుని పడవ కథ వింటుంది. బాబాయి మాత్రం టైము తప్పకుండా వస్తాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు గాని, ఈగలు రానందుకు గుమ్మంలోనే అందరికీ సారీ చెప్పి మరీ లోపలికొస్తాడు.