పాట కింద మోగిన మిషన్

మా కొడుకు దోస్తులతోని కలిసి రాక్ బ్యాండ్ పెట్టిండు. ఆదిలాబాద్‌ల రాక్ బ్యాండేందని నవ్వినోళ్లే ఎక్కువ. మొదలు వాడు చర్చిల గిటార్ వాయించేటోడు. తీగ జర గట్టిగ కొడితే పెద్దలు మెడలు తిప్పి చూసేటోళ్లు. అందుకని మా ఇంట్లనే ముందటి అర్రల పాడుకోవట్టిండ్రు. చప్పుడు గోడకు తగిలి తిరిగి రాకుంట నా బొంతలన్ని మేకులు కొట్టి వేలాడదీసిండ్రు. ఆ ఏడు చలికాలం మేము ఉత్త దుప్పట్లతోనే ఎల్లదీసినం.

వెనుక అర్రల మా ఇంటాయన ఉండేది. పెండ్లికి ముందునుంచి జిన్నింగ్ మిల్లుల పని. దూది దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టివడ్డయి. నడిస్తే ఆయాసం, కూసుంటే ఆయాసం. డాక్టరు గాలి మిషన్ పెట్టుకొమ్మన్నడు. కరెంటుకు పెడితే గుర్రుమని మోగుకుంట సన్న పైపుల నుంచి ముక్కుకు గాలి ఇస్తది. అది బందయ్యే పూటే లేదు. నాకు అలవాటై ఆ చప్పుడే ఇనవడకుంట అయింది. పిల్లలకు సుత అంతే.

అసలు పాటలు కరీంనగర్‌ల స్టూడియోల చేసుకొచ్చిండ్రు. ఇంట్ల పాడుకున్న మోటు పాటలు మాత్రం తప్పులతోనే అందరు ఇనేతట్టు ఫోన్ల పెట్టిండ్రు. వాటిని బీ-సైడ్లంటరట. వెనుకట క్యాసెట్టుకు రెండో దిక్కు మిగిలిన పాటలు వేసేటోళ్లు గద, అట్ల. జనమేమో అసలు పాటలు ఇడిసిపెట్టి గా మోటువాటి ఎంబడి పడ్డరు.

ఒక ఆదివారం ఆరాధన అయినంక ఇద్దరు అభిమానులు ఇంటికొచ్చిండ్రు. ఒకడు కరీంనగర్ నుంచి బస్సుల వచ్చిన కండ్లద్దాల పిల్లగాడు, డిగ్రీ చదువుతుండు. ఇంకొకడు మా ఊరోడే, లావుగ ఉంటడు, సెల్‌ఫోన్ల దుకాణంల పని. చాయ్ పోసిన్నో లేదో లొల్లి మొదలువెట్టిండ్రు.

"పాట కింద గుర్రుమని ఒకటి నడుస్తది సూడు, అది బేస్ గిటార్. తీగ లూజు చేసి వాయించిండ్రు," అన్నడు అద్దాలాయన.

"నీ మొకం. అది కీబోర్డు. మా తమ్మునికి ఉన్నది అసొంటిదే."

"మీ తమ్మునికి చీమిడి తుడుసుకోరాదు, కీబోర్డట!"

డ్రమ్ములు కొట్టే మా గల్లీ సాయిబుల పిల్లగాడు చాయ్ కప్పుల మొకం పెట్టి నవ్వుతుండు. మా కొడుకు తల ఎత్తలే. లోపలినుంచి మా ఇంటాయన చెయ్యూపి పిలిచిండు. సంగతి చెప్పిన. ఆయాసమొచ్చేదాక నవ్విండు. "అయితే నేను సుత బ్యాండ్ల ఉన్నట్టే గదనే. ఫోటోల నన్నెందుకు దింపలేదో అడుగు."

బయట ఇంకో లొల్లి. ముందుముందు బ్యాండ్ ఎటు పోవాలె అని.

"గిట్ల మోటుగ ఉంటె మనమే వింటం. సాఫ్‌గ చేస్తె హైదరాబాద్ దాక పోతరన్నా," అన్నడు దుకాణమాయన.

"సాఫ్ చేస్తె సచ్చిపోతది. గా గుర్రులనే ఉన్నది ప్రాణమంత."

నా మనసు దుకాణం పిల్లగాని దిక్కే ఉండె. ఎందుకంటే హైదరాబాద్ నుంచి సినిమా పాటలు చేసే ఒకాయన ఫోన్ చేసిండు. పాతవి వద్దు, చప్పుడు లేని సాఫ్ పాట కొత్తది ఒక్కటి పంపుండ్రి, నచ్చితే పని ఇస్త అన్నడు. ఇటు మిల్లు మేస్త్రి, తండ్రి జాగల కొడుకును పంపుమని ఇంటికే వచ్చి అడిగి పోయిండు. ఒక్క ఇంట్ల ఒక్కని ఊపిరి పోయింది చాలనుకున్న.

బాపును ఇడిసి కరీంనగర్ స్టూడియోకు పోనన్నడు కొడుకు. ఇంట్లనే చేద్దామని వెనుక అర్ర తలుపు మూసి దానికీ బొంత కట్టిండ్రు. అయినా గుర్రు వస్తనే ఉన్నది. "పోనీ తియ్యవ్వా, మన నసీబు," అన్నడు వాడు. ఆ మాట వెనుక అర్రల ఆయనకు ఇనవడ్డది.

మల్లా ఆదివారం మధ్యాహ్నం నన్ను గేటుకాడ నిలవెట్టిండ్రు, కూరగాయలోళ్లు, పిల్లలు ఒర్రకుంట ఆపుమని. పాట అయింది. కొడుకు నవ్వుకుంట బయటికొచ్చిండు. "అవ్వా, ఇయ్యాల గుర్రు అస్సలు రాలే!"

నేను వాని మాట పూర్తిగ ఇనలే. ఉరికిన. ముక్కుకు పైపు ఉన్నది. గోడకు స్విచ్చి బంద్ ఉన్నది. దగ్గు బయటికి రాకుంట అంగి కొస నోట్ల కుక్కుకున్నడు. పెదవులు నల్లగైనయి. స్విచ్చి వేసి వీపు రుద్దిన. శానాసేపటికి కండ్లు తెరిచి, మంచిగొచ్చిందా అని చేత్తోని అడిగిండు. వచ్చిందని తలూపిన.

ఆ రోజు పోలే. ఎండలు ముదిరినంక పోయిండు. గదే కారణమని నేను అనను, డాక్టరు సుత అనలే. మా కొడుకు అంటడు.

భూస్థాపన అయినంక ఇంట్ల ఆదరణ కూటం పెట్టినం. అభిమానులు సుత వచ్చి వెనుక కూసున్నరు. మిషన్ బంద్ చేసిన సంగతి తెలువకముందే డ్రమ్ముల పిల్లగాడు ఆ పాటను వాళ్లకు పంపి ఉండె. ప్రార్థన అయినంక చెప్పులేసుకుంట అద్దాల పిల్లగాడు దుకాణం పిల్లగానితోని మెల్లగ అంటుండు: "కొత్త పాట సాఫ్‌గనే ఉన్నది గని, ప్రాణం లేదు భాయ్."

మా కొడుకు పక్కకే ఉన్నడు. డ్రమ్ముల పిల్లగాడు అద్దాలాయన నోరు ముయ్యవోయిండు.

"ఆగు, నిజమే అంటుండు," అన్నడు కొడుకు. "ఆ గుర్రు మా బాపు గాలి మిషన్. గీ పాట కోసం బంద్ చేసుకున్నడు."

ఆ పిల్లగాడు చెప్పు చేతుల పట్టుకొని అట్లనే నిలవడ్డడు. ఇంటికి ఎట్ల పోయిండో ఏమో.

ఆ పాట హైదరాబాద్ పోలే. అక్కడాయన ఎన్నిసార్లు చేసినా కొడుకు ఫోన్ ఎత్తలే. పత్తి రాంగనే మిల్లుకు పోయిండు. కొట్లాడిన, ఏడ్సిన, సద్ది కట్టనన్న. సద్ది లేకుంటనే పోయిండు. ఇగ కట్టి ఇస్తున్న.

కొత్త పాటలెందుకు వస్తలేవని ఫోన్లల్ల ఇంకా లొల్లి నడుస్తనే ఉన్నదట. పొగరెక్కిందని ఒకడు, సినిమాలకు పోతుండని ఒకడు. దుకాణం పిల్లగాడు బజార్ల కనవడితే నన్ను చూసి పక్క సందుల నుంచి పోతడు.

నిన్న అన్నం తినుకుంట కొడుకు దగ్గిండు. కనుబొమ్మలల్ల ఇంకా దూది ఉన్నది. పొలమారిందన్నడు. నీళ్లు ఇచ్చిన.