హారతి పళ్ళెం, పెట్రోలు వాసన

నాకు పెట్రోలు వాసనంటే చానా ఇష్టంగా ఉండేది. అన్నానికి కూర్చోబోయే ముందు కూడా షెడ్డులోకెళ్ళి మా పాత అంబాసిడర్ దగ్గర కాసేపు నిలబడొచ్చేవాణ్ణి. "ఏందయ్యా నీ పిచ్చి, దాన్నే కట్టుకోకపోయావా" అనేది మా ఆవిడ. ఇప్పుడా వాసన తగిల్తే చాలు, పరిగెత్తుకెళ్ళి బానెట్టెత్తి చూస్తున్నా.

పోయిన దసరానాడు కారు కడిగి వాకిట్లో పెట్టా. మా ఆవిడ బానెట్టుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండేసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. హారతి అవగానే తొక్కించాలని నేను ఇంజను స్టార్ట్ చేసి కూర్చున్నా. ఆమె కర్పూరం వెలిగించి బానెట్టు మీదికి వంగింది. అప్పుడొచ్చింది వాసన. రోజూ ఉండేది కాదు, ముక్కు మండిపోయే ఘాటు.

ఇంజను ఆపేసి, ఒక్క ఉదుటున దిగి, ఆ మంటని నోటితో ఊదేశా. హారతి నోటితో ఊదకూడదని పసిపిల్లలకీ తెలుసు.

"పండగపూట ఇదేం పనయ్యా? నా పసుపుకుంకాలంటే లెక్కలేదా నీకు?" అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

బానెట్టెత్తి చూపించా. పెట్రోలు పైపు మెత్తబడి ఉబ్బింది. వేడి ఇంజను పక్కనే చుక్కచుక్కగా కారుతోంది. ఆమె అరుగు మీద కూలబడింది. పళ్ళెం మాత్రం వదల్లేదు.

సాయంత్రం మెకానిక్ భాయ్ వచ్చి పైపు మార్చాడు.

"ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారన్నా, పాత రబ్బరు దానికి ఆగట్లా. లోపల ఇంకా చానా రబ్బర్లున్నయ్. కొన్నయితే ఇప్పుడు దొరకవు కూడా" అన్నాడు.

"ఇంకేం భయం లేదుగా?"

చేతులు తుడుచుకుంటా, "వాసన చూసుకుంటా ఉండు" అన్నాడు.

చూసుకుంటానే ఉన్నా. చూసుకుని చూసుకుని, లేని వాసన కూడా వస్తోంది నాకు. ఒకప్పుడు ఆదివారమొస్తే పేట, గురజాల, మాచర్ల ఊళ్ళల్లోని పాత కార్లోళ్ళమంతా కలిసి కొండవీడు దాకా పోయేవాళ్ళం. కొందరు అమ్ముకున్నారు, కొందరివి తుక్కుకి పోయినయ్. నేనొక్కణ్ణే మొండికేశా. ఆ మొండితనం ఇప్పుడు లేదు, మిగిలింది భయమే.

మొన్న మాచర్ల నుంచి ఒకాయన కారు కొంటానని వచ్చాడు. పాత బండ్లంటే ప్రాణమంట, ఇదే మొదటిదంట. పైపు సంగతి దాచకుండా చెప్పా. "మార్చారుగా, ఇంకేం భయమండీ" అని నవ్వాడు. ఈ పీడ వదిలితే చాలనుకుని తాళం చెవి తీశా.

గడపలో నిలబడ్డ మా ఆవిడ అడిగింది. "మీ ఇంట్లో హారతి ఎవరిస్తారన్నయ్యా?"

"మా అమ్మాయమ్మా. కారెప్పుడొస్తుందా అని పళ్ళెం సర్దుకుని కూర్చుంది."

ఆయన చెయ్యి చాపి నిలబడ్డాడు. నా గుప్పెట మాత్రం తెరుచుకోలేదు.