గొలుసుకు పట్టుచీర మడత

కరువు సీమలో పుట్టి నీటిగండం తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అదీ ఎవరో తెచ్చిపెట్టింది కాదు. నా రెండు చేతులతో, శ్రద్ధగా మడతపెట్టి మరీ తెచ్చుకున్నాను.

మా బావ గోవాలో పడవలు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుండి, తిరిగొస్తూ ఒక చిన్న తెరచాప పడవను లారీ మీద తెచ్చుకున్నాడు. ఆ మధ్య మంచి వానలు పడి మా దగ్గరి రిజర్వాయరు నిండగానే దాన్ని నీళ్లలోకి దించాడు. నాకు ఈత రాదు. మావైపు ఈత నేర్చుకోవడమంటే బోడిగుండుకు దువ్వెన కొనడమే. అయినా బావ పిలిచాడని వెళ్లాను.

"శీనా, ఈ లంగరు గొలుసు లోపల పెట్టు. కొస కొక్కేనికి కట్టి, మిగతాది ఊరికే కుప్పగా వదిలెయ్" అంటూ పడవ ముక్కులో, పైచెక్క కిందున్న చీకటి అర చూపించాడు.

కుప్పగానా? ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపేవాణ్ణి. నా చేతికొచ్చిన సరుకు ఏదైనా మడత పడాల్సిందే. గొలుసును వరుస మీద వరుస పేర్చి, జారకుండా సందుల్లో గోనెపట్టాలు కుక్కాను. ఆ అందం చూసి మురిసిపోతూ కొస సంగతి గాలికి వదిలేశాను.

నడినీళ్లలోకి వెళ్లాక ఆ గాలే వచ్చింది. గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలంటారు. ఆ రోజు గాలే నన్ను తూర్పార పట్టింది. తెరచాప తాడు తెగి, పడవ బండల వైపు కొట్టుకుపోసాగింది. నీళ్లలోంచి లేచిన ఒక్కో బండ లేపాక్షి నందంత ఉంది.

బావ లంగరు విసిరాడు. గొలుసు మూరెడు వచ్చి బిగుసుకుంది.

"గొలుసు రాలేదు. ఏం చేసినావప్పా లోపల?"

"మడతపెట్టినా బావా."

"ఏందీ?"

"చీర మాదిరి. సందుల్లో గోనె గూడా పెట్టినా."

బావ చూసిన చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది. "పోయి పీకు. బండలు దగ్గరికొచ్చినాయి."

అరలోకి తల దూర్చాను. వేసుకున్న లైఫ్ జాకెట్ అర అంచుకు ఇరుక్కుని ముందుకూ పోనివ్వదు, వెనక్కూ రానివ్వదు. గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కేసి, గోనె పట్టుకుని గుంజాను.

గొలుసు పాములా లేచి, చెవి పక్కనుంచి ఘణఘణమంటూ పరుగెత్తింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"వస్తాండాది బావా, వస్తాండాది" అన్నాను. అది వస్తూనే ఉంది. చివరికి కొస కూడా నా ముక్కు ముందు నుంచి ఎగిరి వెళ్లిపోయింది. బయట బుడుంగుమంది.

"కొస కట్టలేదా?" అన్నాడు బావ, చాలా మెల్లగా.

పాక్కుంటూ పైకొచ్చి తెరచాప స్తంభాన్ని కావలించుకున్నాను. పిల్లల మొహాలు కళ్లముందు మెదిలాయి. నిజంగానే ఏడ్చాను. ఇంతలో పడవ అడుగున కర్రుమంది. అయిపోయిందనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"కండ్లు తెరువు శీనా."

తెరిచాను. బావ పడవ బయట నిలబడి ఉన్నాడు. నీళ్లు అతని మోకాళ్ల దాకా ఉన్నాయి. బండలు ఇంకా బారెడు దూరంలో ఉండగానే ఇసుకమేట మమ్మల్ని పట్టుకుంది.

"దిగు, నెట్టుదాం."

"లోతుంటాదేమో బావా" అన్నాను, స్తంభం వదలకుండా.

ఒడ్డుకు చేరాక, అక్కడ ఎదురుచూస్తున్న మా అక్క బావను అడిగింది, "మావోడు లంగరు వేసినాడా?"

"వేసినాడు. మళ్లా ఎత్తే పని లేకుండా వేసినాడు" అన్నాడు బావ.

అందువల్ల వీరభద్రస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట గొలుసనే వస్తువును నా మెడలో తప్ప మరెక్కడా పెట్టను. దాని కొక్కెం కూడా మా ఆవిడ చేతే పెట్టించుకుంటాను.